ఈ ఆట ఆడదగ్గదేనా?
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్‌గా (జీఎం) కథ నడుపుతుంటే మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని పాచికలు వేస్తూ ఆడతారు. ఇలాంటి ఫాంటసీ రోల్ ప్లేయింగ్ ఆటల మీద వచ్చిన ఉత్తరాలివి. ప్రశ్నలు వేరైనా అందరి సందేహం ఒక్కటే: ఫలానా ఆటకు మా ఆదివారాలు ఇవ్వొచ్చా?

ప్రశ్న: మేం ఐదుగురం ఇంజినీరింగ్ విద్యార్థులం. ఇంతకుముందు ఎవరమూ ఆడలేదు. డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్), పాత్‌ఫైండర్, షాడోడార్క్, డంజన్ వరల్డ్ అని నాలుగు పేర్లు రాసుకున్నాం. ఒక్కోటి వందల పేజీలు. పరీక్షలకే సరిగా చదవని మేం ఇవన్నీ చదవలేం. గంటలో తేల్చుకునే దారి ఉందా? (విజయవాడ)

జవాబు: ఉంది. కాకపోతే పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకూడదు. బొమ్మలు, ఆ లోకపు చరిత్ర, రాజవంశాల తగాదాలు ఏ పుస్తకంలోనైనా బాగానే ఉంటాయి. కొనిపించడానికి పెట్టినవే అవి. ముందు విషయసూచికలో ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు; ఇవి కూడితే పాత్ర పై లెవెల్‌కు ఎదుగుతుంది) ఎక్కడుందో వెతికి ఆ పేజీ తీయండి. ఆట దేనికి కూలీ ఇస్తే ఆటగాళ్లు ఆ పనే చేస్తారు.

1981 నాటి డీ అండ్ డీ బేసిక్ రూల్స్‌లో గోబ్లిన్ అనే పొట్టి రాక్షసుణ్ని ఒకణ్ని చంపితే వచ్చేది 5 ఎక్స్‌పీ. అది కాపలా కాస్తున్న వంద బంగారు నాణేలను బయటికి తెచ్చుకుంటే 100 ఎక్స్‌పీ. కాబట్టి ఆ ఆటలో తెలివైనవాడు గోబ్లిన్‌తో కత్తి కలపడు, దాన్ని ఏమార్చి పెట్టె ఎత్తుకొస్తాడు. 2014 నాటి 5వ ఎడిషన్‌లో అదే గోబ్లిన్‌కు 50 ఎక్స్‌పీ. రెండో లెవెల్‌కు మనిషికి 300 కావాలి. నలుగురి జట్టుకు లెక్కేస్తే 24 గోబ్లిన్లు. అంటే ఇక్కడ కత్తే దగ్గరి దారి. (చాలామంది జీఎంలు ఈ లెక్క పక్కనపెట్టి కథలో పెద్ద మలుపు వచ్చినప్పుడల్లా లెవెల్ ఇచ్చేస్తారు. మంచి పద్ధతే. కానీ అప్పుడు మీరు అంచనా వేయాల్సింది పుస్తకాన్ని కాదు, మీ జీఎంను.) షాడోడార్క్ మళ్లీ పాత దారికి వెళ్లి నిధికే ఎక్స్‌పీ ఇస్తుంది, ఇప్పుడున్న లెవెల్‌ను పదితో గుణిస్తే ఎంతో, పై లెవెల్‌కు అంత చాలు. పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో ప్రతి లెవెల్‌కూ 1000; మధ్యరకం పోరు ఒకటి 80 ఇస్తుంది కాబట్టి ఉత్త పోరాటాలతోనే అయితే పన్నెండు పదమూడు కావాలి. డంజన్ వరల్డ్‌లో పాచికలు 6 లేదా అంతకంటే తక్కువ చూపించి పని చెడినప్పుడు 1 ఎక్స్‌పీ వస్తుంది. దాంతో ఆటగాళ్లు తమకు చేతకాని పనులకు కూడా తెగిస్తారు. ఈ ఒక్క పేజీ చదివాక ఐదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకోండి. ఏది చేయాలని ఉందో అక్కడే సగం తేలిపోతుంది.

రెండో పని: ఆటలో అస్తమానం వేసే పాచిక ఏదో చూసి, సగటు పాత్రకు గెలుపు ఎంత శాతమో కాగితం మీద వేసుకోండి. డీ అండ్ డీలో 20 ముఖాల పాచికకు ఏదో అంకె కలిపి ఒక లక్ష్యాన్ని అందుకోవాలి. మీకు +5, లక్ష్యం 15 అయితే 10 లేదా ఆపైన పడాలి: 55 శాతం. ‘అడ్వాంటేజ్’ ఉంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకుంటారు కాబట్టి అది 80 శాతం దగ్గరికి పోతుంది. డంజన్ వరల్డ్‌లో రెండు ఆరు ముఖాల పాచికలు. 10 లేదా ఆపైన అయితే పని పూర్తి. 7 నుంచి 9 అయితే పని అవుతుంది గానీ ఏదో ఒక ఇబ్బంది తోడొస్తుంది. 6 లేదా తక్కువ అయితే జీఎం చేతికి చిక్కినట్టే. +1 ఉన్న పాత్రకు ఇవి వరుసగా 28, 44, 28 శాతం. అంటే సగానికి కాస్త తక్కువ సార్లు ‘అయింది, కానీ...’ అని జీఎం అక్కడికక్కడ ఏదో కల్పించాలి. మీ ఐదుగురిలో అలా కల్పించే నోరున్నవాళ్లు లేకపోతే ఆ ఆట మూడో వారానికి చప్పబడుతుంది.

మూడోది, గడియారం పెట్టుకుని ఒక పాత్రను తయారు చేయండి. వేరే పేజీకి వెళ్లాల్సి వచ్చిన ప్రతిసారీ ఒక చీటీ పెట్టండి. డీ అండ్ డీలో కొత్తవాళ్లకు గంట పట్టడం మామూలే, పాత్‌ఫైండర్‌లో ఇంకా ఎక్కువ. షాడోడార్క్‌లో పావుగంటలో అయిపోవాలి. ఎంతసేపు పట్టిందన్నదానికంటే చీటీలే ముఖ్యం. ఇవాళ చీటీ పెట్టిన చోటల్లా రేపు ఆట మధ్యలో ఎవరో ఒకరు ‘ఆగండాగండి, చూస్తా’ అంటారు.

జీఎం కాబోయేవాళ్లు ఇంకొకటి చూడాలి. రాక్షసుల పేజీల్లో మంత్రాలు తెలిసిన శత్రువు ఒకణ్ని తీయండి. ఆ పేజీ ఒక్కటే ఎదురుగా పెట్టుకుని వాణ్ని నడపగలరా? 2014 డీ అండ్ డీలో మంత్రగాడి పేజీలో మంత్రాల పేర్లు మాత్రమే ఉంటాయి; అవి ఏం చేస్తాయో వేరే పుస్తకంలో చూసుకోవాలి. పోరు నడుస్తుండగా అది చాలా కష్టం.

మా మాట అడిగితే: ఐదుగురూ కొత్తవాళ్లే కాబట్టి షాడోడార్క్ ఉచిత క్విక్‌స్టార్ట్‌తో గానీ, డీ అండ్ డీ స్టార్టర్ సెట్‌తో గానీ మొదలుపెట్టండి. పాత్‌ఫైండర్ గట్టి ఆట, లెక్కలు బాగా కుదిరిన ఆట. కానీ ఐదుగురిలో కనీసం ముగ్గురు రూల్స్ చదివి వస్తేనే నడుస్తుంది. పరీక్షల సంగతి మీరే చెప్పారు.

ప్రశ్న: డీ అండ్ డీ 5వ ఎడిషన్ ఆడుతున్నాం. నలుగురు ఆటగాళ్లు, మొదటి లెవెల్. మూడు గంటల సెషన్‌లో నాలుగు గోబ్లిన్లతో ఒక్క పోరుకే గంటన్నర పోయింది. తప్పు ఆటదా, మాదా? (హైదరాబాద్)

జవాబు: లెక్క కట్టి చూద్దాం. 2014 రూల్స్‌లో గోబ్లిన్ ఆర్మర్ క్లాస్ (దాడి తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 15, హిట్ పాయింట్లు (ఎంత దెబ్బకు చస్తుందో చెప్పే అంకె) 7. మొదటి లెవెల్ పాత్రకు దాడిలో సాధారణంగా +5 ఉంటుంది కాబట్టి తగిలే అవకాశం 55 శాతం. తగిలితే సగటున 7 దెబ్బ అనుకోండి. నలుగురూ కలిసి రౌండుకు, అంటే అందరికీ ఒక్కో వంతు అయ్యేసరికి, 15 పైచిలుకు. గోబ్లిన్లు నాలుగింటికీ కలిపి 28. కాగితం మీద రెండు రౌండ్లు. చచ్చినదాని మీద వృథా అయ్యే దెబ్బ కూడా కలిపితే మూడు.

మూడు రౌండ్లకు గంటన్నర అంటే రౌండుకు అరగంట. ఇది గోబ్లిన్ల తప్పు కాదు. ఒక్కొక్కరి వంతు ఐదారు నిమిషాలు నడుస్తోందన్నమాట. మనిషికి ఒక్క నిమిషం, గోబ్లిన్లన్నింటికీ కలిపి మూడు నిమిషాలు అనుకుంటే ఇదే పోరు ఇరవై నిమిషాల్లో అయిపోవాలి. ఎక్కడ జారుతోందో చెప్పగలం: వంతు వచ్చాక ఆలోచన మొదలుపెట్టడం, దాడి పాచిక వేసి అది తగిలిందని తెలిశాక దెబ్బ పాచిక వెతుక్కోవడం, మంత్రం ఏం చేస్తుందో అప్పుడు చదవడం. రెండు పాచికలూ కలిపి ఒకేసారి వేయండి. మంత్రాలను చీటీల మీద రాసుకోండి. ‘తర్వాత నువ్వే’ అని జీఎం ఒక వంతు ముందే హెచ్చరించాలి. గోబ్లిన్లన్నింటికీ ఒకే ఇనీషియేటివ్ (ఎవరి వంతు ముందో తేల్చే పాచిక) వేయండి.

ఇంకో పాత ఉపాయం కూడా ఉంది. ఇందాక చెప్పిన 1981 రూల్స్‌లో శత్రువులకు ‘మొరేల్’ అని ఒక అంకె ఉండేది; గోబ్లిన్లకు 7. తమ జట్టులో మొదటిది చచ్చినప్పుడు ఒకసారి, సగం పడిపోయాక ఇంకోసారి జీఎం రెండు ఆరు ముఖాల పాచికలు వేస్తాడు; 7 దాటితే పారిపోతాయి. రెండు సార్లూ నిలబడే అవకాశం మూడింట ఒక వంతే. చివరి గోబ్లిన్‌ను మూల మూలా తరిమి చంపే ఆ విసుగు అరగంట దీంతో పోతుంది. ఏ ఆటలోనైనా తెచ్చి పెట్టుకోవచ్చు.

అయితే ఆటదే తప్పయిన సందర్భాలూ ఉన్నాయి. 2008లో వచ్చిన డీ అండ్ డీ 4వ ఎడిషన్ తొలి రాక్షసులకు హిట్ పాయింట్లు ఎక్కువ, దెబ్బ తక్కువ. గెలుస్తామని అందరికీ తెలిసిపోయాక కూడా ఇంకా అరగంట కొట్టాల్సి వచ్చేది. 2010లో వచ్చిన మూడో రాక్షసుల పుస్తకం నుంచి దెబ్బ పెంచి సర్దారు. కాబట్టి కొత్త ఆట చేతికొస్తే ఇదే లెక్క వేయండి: తగిలే శాతాన్ని సగటు దెబ్బతో గుణించి, దాంతో శత్రువు హిట్ పాయింట్లను భాగిస్తే ఎన్ని వేట్లో వస్తుంది, దాన్ని ఆటగాళ్ల సంఖ్యతో భాగిస్తే రౌండ్లు. మామూలు పోరు నాలుగు రౌండ్లు దాటితే అనుమానించండి. ఆరు దాటితే కొనకండి.

ప్రశ్న: ‘రూల్స్ చాలా తక్కువ, కొత్తవాళ్లకు బెస్ట్’ అని కెయిర్న్ లాంటి ఆటల గురించి అందరూ అంటారు. నిజమేనా? (నెల్లూరు)

జవాబు: ఆటగాళ్లకు నిజం, జీఎంకు సగమే నిజం. కెయిర్న్‌లో దాడికి గురి చూసే పాచికే లేదు. ఆయుధం పాచిక వేసి, ఎదుటివాడి కవచం తీసేస్తే మిగిలింది దెబ్బ. మోసుకెళ్లడానికి పది గడులు. పదీ నిండితే హిట్ పాయింట్లు సున్నా అయిపోతాయి, అంటే మొదటి దెబ్బే నేరుగా ఒంటికి తగులుతుంది. అందుకే ఆటగాళ్లు తాడు తీసుకోవాలా, దివిటీ తీసుకోవాలా అని వాదించుకుంటారు. ఆ వాదనే అసలు ఆట. నాలుగు ముక్కల్లో చెప్పగలిగిన రూల్స్, వాటి వెనక గట్టి ఆలోచన. కానీ ‘గోడ ఎక్కుతా’ అని ఎవరైనా అంటే ఎంత కష్టమో, పడితే ఏమవుతుందో జీఎం తన బుర్రతోనే చెప్పాలి. తక్కువ రూల్స్ ఉన్న పుస్తకంలో చూడాల్సింది పేజీల సంఖ్య కాదు, జీఎంకు ఏం ఇచ్చారన్నది: దారిలో ఎదురయ్యేవాటి పట్టికలు, ఎన్నిసార్లకొకసారి పాచిక వేయాలన్న పద్ధతి, వెంటనే ఆడగలిగిన చిన్న సాహసం ఒకటి. షాడోడార్క్‌లో దివిటీ నిజంగానే గడియారం చూసి గంటసేపే వెలుగుతుంది. ఇలాంటి ఒక్క రూల్ జీఎంకు పది పేజీల సలహా కంటే ఎక్కువ పని చేసి పెడుతుంది. ఇవేవీ లేకుండా ‘మీ ఊహకు హద్దుల్లేవు’ అని రాసి వదిలేసిన పుస్తకం కనిపిస్తే, రాసినవాళ్లు పని మీ నెత్తిన పెట్టారని అర్థం.

ప్రశ్న: మా జట్టు ఎప్పుడు చప్పుడు లేకుండా కోటలోకి దూరాలన్నా దొరికిపోతుంది. రహస్య ద్వారం వెతికే పాచిక పోతే కథ అక్కడే ఆగిపోతుంది. విసిగిపోయి ఆటే మార్చేద్దామనుకుంటున్నాం. (వరంగల్)

జవాబు: ఆట మార్చేముందు జీఎం పాచికలు ఎలా వేయిస్తున్నారో చూడండి. నలుగురిలో ఒక్కొక్కరికి నక్కినక్కి నడవడంలో 65 శాతం అవకాశం ఉందనుకుందాం. నలుగురూ వేయాలి, ఒక్కరు తప్పినా దొరికినట్టే అంటే గెలుపు 18 శాతం. మీరు ఎప్పుడూ దొరికిపోవడంలో వింతేమీ లేదు. డీ అండ్ డీ 5వ ఎడిషన్‌లో దీనికి ‘గ్రూప్ చెక్’ ఉంది: సగం మంది గెలిస్తే అందరూ గెలిచినట్టే. అదే 65తో లెక్కేస్తే 87 శాతం. రూల్ పుస్తకంలోనే ఉంది, చాలా బల్లల దగ్గర మాత్రం వాడరు.

రహస్య ద్వారం సంగతి వేరు. వెతకడానికి కావలసినంత సమయం ఉండి, తప్పితే పోయేదేమీ లేకపోతే పాచికే వద్దు, ద్వారం దొరికిందని చెప్పేయాలి. సమయం తక్కువైతే పాచిక వేయించాలి. కానీ పోయినప్పుడు ‘దొరకలేదు’ అనకూడదు. ‘దొరికింది, ఈలోగా కాపలావాళ్ల అడుగుల చప్పుడు దగ్గరపడింది’ అనాలి. తప్పిన పాచిక దారి మూసేయకుండా ధర పెంచాలి. డంజన్ వరల్డ్ లాంటి ఆటలు ఈ ధర పెంచడాన్నే రూల్‌గా రాశాయి. మీ జీఎంకు ఇది అలవాటు కావడం లేదంటే అప్పుడు ఆ ఆటకు మారడంలో అర్థం ఉంది.

ప్రశ్న: ఇక్కడ తెలుగు కుటుంబాల పిల్లలు, పెద్దలు కలిసి ఒక జట్టు కట్టాం. మన జానపద కథల లోకంలో ఆడాలని ఉంది: మాంత్రికుడు, రాజకుమారి, వరాలు, శాపాలు. డీ అండ్ డీ సరిపోతుందా? తెలుగులో ఆడొచ్చా? (న్యూజెర్సీ)

జవాబు: మీ కథలో తప్పనిసరిగా ఉండాల్సిన ఐదు సన్నివేశాలు రాయండి. ఒక్కోదానికి ఎదురుగా ‘దీనికి ఈ ఆటలో రూల్ ఏమిటి?’ అని రాయండి. మూడింటికి ‘జీఎం ఇష్టం’ అని వస్తే ఆ పుస్తకం మీకు మోత తప్ప సాయం కాదు.

ఉదాహరణకు, ఏడు సముద్రాల అవతల చిలుకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడు. డీ అండ్ డీలో ప్రతి శత్రువుకూ హిట్ పాయింట్లుంటాయి, సున్నా అయితే పోతాడు. ప్రాణం చిలుకలో ఉన్నవాడికి ఆ అంకెలతో పనేముంది? కానీ అదే ఆటలో ‘లిచ్’ అనే శవ మాంత్రికుడున్నాడు. వాడి ప్రాణం ఒక పెట్టెలో దాగి ఉంటుంది. పెట్టె పగలకుండా వాణ్ని ఎన్నిసార్లు చంపినా ఒకటి నుంచి పది రోజుల్లోపు కొత్త ఒంటితో లేస్తాడు. పెట్టె తీసేసి చిలుకను పెట్టండి, అంతే. లిచ్ బలం మాత్రం బాగా పైస్థాయి జట్లకు తగ్గది. చిన్న లెవెళ్లకు మామూలు మంత్రగాడి పేజీ తీసుకుని ఈ ఒక్క గుణం కలపండి.

తేడా కొట్టేది మంత్రాల దగ్గర. ఐదో లెవెల్ విజార్డ్‌కు రోజుకు మొదటి స్థాయి మంత్రాలు 4, రెండోవి 3, మూడోవి 2. నిద్ర లేస్తే మళ్లీ నిండుతాయి. మన కథల్లో శక్తి అలా రాదు. ఎవరో ముని మెచ్చి ఒక పాదరసం గుళిక ఇస్తాడు, దానికో షరతు ఉంటుంది, షరతు తప్పితే అంతా పోతుంది. కాబట్టి ఆటగాళ్లకు విజార్డ్ క్లాస్ (పాత్ర రకం) తీసేయండి. మంత్ర వస్తువులే ఇవ్వండి, ప్రతిదానికీ రెండు మూడు వాడకాలు, ఒక షరతు. ఇంత కోసుకోవడం బాధనిపిస్తే కెయిర్న్ మేలు. అందులో క్లాసులే లేవు, మంత్రం కూడా మోసుకెళ్లే వస్తువే, దానికీ ఒక గడి.

తెలుగు గురించి: కథ తెలుగులో చెప్పండి, హిట్ పాయింట్, లెవెల్ లాంటివి అలాగే ఉంచండి. బల్ల దగ్గర ఎవరూ వాటిని తెలుగు చేసి మాట్లాడరు. పాత్రల షీట్ మీద మాత్రం ఒక్కో సామర్థ్యం పక్కన తెలుగులో ఏం పనికొస్తుందో రాయండి, తాతగారు కూడా ఆడగలరు. అనువాదం చేసి నలుగురికీ పంచాలనుకుంటే, డీ అండ్ డీ 5వ ఎడిషన్ మూల నియమాల పత్రం, అంటే ఎస్‌ఆర్‌డీ 5.1, 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ఉంది. మూలం ఎవరిదో చెబుతూ తర్జుమా చేసి ఉచితంగానూ పంచొచ్చు, అమ్ముకోనూ వచ్చు. పిల్లలున్నారు కాబట్టి ఒక సెషన్ గంటన్నరకు మించనివ్వకండి. చావు, రక్తం ఎంతవరకు చూపించాలో మొదటి రోజే పెద్దలు కూర్చుని అనుకోండి.

ప్రశ్న: పుస్తకాలు దిగుమతివి, ధరలు చుక్కల్లో ఉన్నాయి. పైగా మేం ఇద్దరమే, జీఎంగా ఉండడానికి ఎవరూ లేరు. (కర్నూలు)

జవాబు: ఒక్క రూపాయి పెట్టకుండా మొదలుపెట్టొచ్చు. ఎస్‌ఆర్‌డీ 5.1 ఉచితం, దాదాపు 400 పేజీలు. పన్నెండు క్లాసులూ ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో ఉపవిభాగం. అంతా ప్రింట్ తీయకండి, మీ పాత్రలకు కావలసిన పేజీలు చాలు. పాత్‌ఫైండర్ రూల్స్ ‘ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్’ సైట్‌లో ప్రచురణకర్త అనుమతితోనే ఉచితంగా ఉన్నాయి. బేసిక్ ఫాంటసీ, కెయిర్న్ కూడా ఉచితమే.

ఇద్దరికైతే ఐరన్‌స్వార్న్. ఇదీ ఉచిత పీడీఎఫ్; జీఎం లేకుండా ఒంటరిగానో జంటగానో ఆడేలా కట్టారు. ఒక ఆరు ముఖాల పాచికకు మీ సామర్థ్యం కలిపి, రెండు పది ముఖాల పాచికలతో పోలుస్తారు. రెండింటినీ దాటితే పూర్తి గెలుపు, ఒకదాన్ని దాటితే సగం, ఏదీ దాటకపోతే పోయినట్టు. సమానమైతే దాటనట్టే లెక్క. సామర్థ్యం +2 అయితే ఇవి సుమారు 23, 44, 33 శాతం. కష్టాల ఆట, ముందే తెలుసుకుని దిగండి. వేగంగా గెలవాలనుకునేవాళ్లకు నచ్చదు.

ప్రశ్న: మా స్నేహితుడు సొంతంగా ఒక ఫాంటసీ ఆట రాశాడు. తొమ్మిది సామర్థ్యాలు, 1 నుంచి 100 దాకా పడే శాతం పాచిక. దాడి వేయాలి, ఎదుటివాడు తప్పించుకునే పాచిక వేయాలి, ఎక్కడ తగిలిందో వేయాలి, తర్వాత దెబ్బ. చాలా రియలిస్టిక్‌గా ఉంది. అందరం ఆరు నెలల క్యాంపెయిన్‌కు (ఒకే కథను వారాల తరబడి ఆడడానికి) సిద్ధమవుతున్నాం. మీ సలహా? (విశాఖపట్నం)

జవాబు: ఆరు నెలల మాట తర్వాత, ముందు ఆరు నిమిషాలు లెక్క వేయండి. మీరు పంపిన అంకెలు: దాడి 60 శాతం, తప్పించుకోవడం 40 శాతం, దెబ్బ ఒక ఆరు ముఖాల పాచిక, కవచం 3 తగ్గిస్తుంది, హిట్ పాయింట్లు 20.

తగిలి, తప్పించుకోలేకపోయే అవకాశం 36 శాతం. దెబ్బలో 3 తీసేస్తే 1, 2, 3 పడినప్పుడు ఏమీ లేదు. 4, 5, 6కు ఒకటి, రెండు, మూడు. సగటు 1. అంటే ఒక్కో వేటుకు 0.36 హిట్ పాయింట్. ఇరవై తీయాలంటే దాదాపు 56 వేట్లు. వేటుకు సగటున 2.3 సార్లు పాచికలు వేస్తారు కాబట్టి మొత్తం దాదాపు 130 సార్లు. నలుగురు కలిసి ఒక్క శత్రువును పడగొట్టడానికి 14 రౌండ్లు! రియలిజం పేరుతో తయారైన చాలా ఆటలు చచ్చేది ఇక్కడే. ఒక్కో పాచికా విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది. వరుసగా పెట్టేసరికి ఒకదాన్నొకటి మింగేస్తాయి.

తప్పించుకునే పాచిక తీసేయమనండి. కవచం 1 చేయమనండి, హిట్ పాయింట్లు 12. అప్పుడు వేటుకు సగటు 1.5, ఎనిమిది వేట్లు, రెండు రౌండ్లు. ఎక్కడ తగిలిందన్న పాచిక పెద్ద దెబ్బ పడినప్పుడు మాత్రమే ఉంచొచ్చు, అది సరదాగా ఉంటుంది. తొమ్మిది సామర్థ్యాల సంగతికొస్తే, రెండు సెషన్లు ఆడి ఏది ఎన్నిసార్లు వాడారో గీతలు గీయండి. మూడుకు మించి గీతలు పడనివాటిని పక్కవాటిలో కలిపేయండి. మీ మిత్రుడు ఒప్పుకోకపోతే ఒక్క పోరు బల్ల మీద ఆడించి చూపించండి. పదో రౌండ్‌కు ఆయనే ఒప్పుకుంటారు.

ప్రశ్న: నా డి20లో (20 ముఖాల పాచికలో) 1 ఎక్కువగా పడుతోంది. ఉప్పునీళ్ల పరీక్ష నిజమేనా? (తిరుపతి)

జవాబు: 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో 35 గ్రాముల దాకా ఉప్పు కరిగించి పాచిక వేయండి. తేలితే వేలితో తిప్పి వదలండి. ప్రతిసారీ ఒకే ముఖం పైకొస్తే లోపల గాలి బుడగో, బరువు తేడానో ఉందనుకోవచ్చు. బరువైన రకాలు, లోహపు పాచికలు అసలు తేలవు. లోపమున్నా బల్ల మీద దాని ప్రభావం కనిపించేంత ఉండాలనీ లేదు. వందసార్లు వేస్తే ఒక్కో ముఖం సగటున 5 సార్లు రావాలి; ఇరవై ముఖాల్లో ఏదో ఒకటి 10 సార్లు రావడం పెద్ద వింత కాదు. అయినా మనసు ఒప్పుకోకపోతే కొత్తది కొనుక్కోండి, పాచిక ఖరీదు ఎంతని!

ప్రశ్న: కొత్త ఆట మొదలుపెట్టి రెండు సెషన్లయింది. ఇద్దరికి బాగా నచ్చింది, ఇద్దరు ఫోన్లు చూసుకుంటున్నారు. ఎప్పుడు మానేయాలి? (రాజమహేంద్రవరం)

జవాబు: మొదటి సెషన్‌ను లెక్కలోకి తీసుకోకండి, రూల్స్ వెతుక్కోవడంతోనే పోతుంది. మూడోది అయ్యేదాకా ఆగండి, కానీ ఊరికే ఆగకండి. మూడో సెషన్‌లో ఫోన్ ఎప్పుడు బయటికి వస్తోందో జీఎం చిన్న గుర్తు పెట్టుకోవాలి. తమ వంతు కోసం కాచుకునేటప్పుడైతే అది వేగం సమస్య, పైన హైదరాబాద్ పాఠకులకు చెప్పినవి చేయండి. ఎవరో ఒకరు కోటలో అందరితో గంటసేపు మాట్లాడుతున్నప్పుడైతే జీఎం ఆ సన్నివేశాన్ని కోసి మిగతావాళ్లకు ఇవ్వాలి. పోరు జోరుగా సాగుతూ తమ వంతు దగ్గర పడినప్పుడు కూడా ఫోనే చూస్తుంటే, వాళ్లకు ఈ తరహా ఆటే ఇష్టం లేదు.

సెషన్ అయ్యాక ‘నచ్చిందా’ అని అడగకండి. మొహమాటానికి అందరూ నచ్చిందనే అంటారు. ‘ఇవాళ నువ్వు తీసుకున్న ఏ నిర్ణయం వల్ల కథ మారింది?’ అని అడగండి. నలుగురిలో ముగ్గురు వెంటనే చెప్పగలిగితే ఆట నడుస్తున్నట్టే. ఎవరూ చెప్పలేకపోతే ముందు సాహసాన్ని మార్చండి, పుస్తకాన్ని కాదు. ఒకే దారిలో తోసుకుపోయే సాహసం మంచి ఆటను కూడా చెడగొడుతుంది. అదే పుస్తకంతో వేరే సాహసం, వీలైతే వేరే జీఎం. అప్పటికీ ఆ ఇద్దరి ఫోన్లు లోపలికి పోకపోతే వాళ్లను బలవంతపెట్టకండి. వాళ్లకు బోర్డ్ గేమ్ ఇంకేదైనా వేరే రోజు పెట్టండి. మీరు ఇంకొకరిని వెతుక్కోండి. జీఎంతో కలిపి నలుగురుంటే చాలా ఆటలు హాయిగా నడుస్తాయి. ముగ్గురే మిగిలితే శత్రువుల సంఖ్య పుస్తకంలో ఉన్నదానికి సగం చేసి ఆడండి.